నరాలు కోసేసినా గుండె కొట్టుకుంటుంది, మరి నరాల పనేమిటి?

ప్రశ్న అడిగినవారు బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నారట. సెమినార్‌కి ఓటో లోవీ రెండు కప్ప గుండెల ప్రయోగం తీసుకున్నారు. వారి సందేహాలను కుదించి రాస్తున్నాను. శరీరంలోంచి తీసేసిన గుండె కూడా కొట్టుకుంటుందంటే ఇక మెదడుకి గుండెతో పనేమిటి? ఒక గుండె దగ్గరి నీళ్లు తీసి ఇంకో గుండెకి పోస్తే అది ఎందుకు నెమ్మదించింది? ఈ ప్రయోగం ఆయనకి కలలో వచ్చిందన్న కథ నిజమేనా? వందేళ్ల నాటి కప్పల గొడవ ఇవాళ ఎవరికి ఉపయోగం?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. గుండెను కొట్టించేది మెదడు కాదు. ఎంత జోరుగా కొట్టాలో చెప్పేది మాత్రం మెదడే. ఎద్దు నడక ఎద్దుదే, పగ్గం బండివాడిది. పైగా మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆ పగ్గం కాస్త బిగపట్టే ఉంటుంది. లోవీ తేల్చిందల్లా ఆ పగ్గం ఎలా పనిచేస్తుందన్నది. నరం గుండెకి కరెంటు షాక్ ఇవ్వదు, తన చివర ఓ చిటికెడు రసాయనాన్ని వదులుతుంది. మీ మిగతా ప్రశ్నలకి జవాబులు ఈ రెండు మాటల్లోంచే వస్తాయి.

నేను కోస్తాలో ఓ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 31 ఏళ్లు ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను. కప్ప గుండె ప్రాక్టికల్ ఎన్ని బ్యాచ్‌లకి చేయించానో లెక్కలేదు. ఇప్పుడు కాలేజీల్లో అది కంప్యూటర్ తెర మీద చూపిస్తున్నారు, కప్పలకి మేలే జరిగింది. మీరు కళ్లారా చూడలేదు కాబట్టి అదెలా ఉండేదో కొంచెం చెబుతాను.

కప్ప తల వెనక సూది దింపి మెదడు, వెన్నుపాము రెండూ పాడు చేస్తాం. అక్కడితో కప్ప పని అయిపోయినట్టే. ఛాతీ తెరిస్తే లోపల గుండె ఏమీ పట్టనట్టు కొట్టుకుంటూ ఉంటుంది. గుండె కొసకి చిన్న కొక్కెం తగిలించి, దానికి దారం కట్టి, ఆ దారాన్ని ఓ తేలికపాటి మీటకి కడతాం. మీట కొస తిరిగే డ్రమ్ము మీదున్న మసి కాగితాన్ని గీరుతుంది. గుండె ముడుచుకున్నప్పుడల్లా నల్లటి కాగితం మీద తెల్లటి గీత ఒకటి పడుతుంది. ఆ కాగితానికి మసి పట్టించడం మా అటెండర్ పని. వెనక గదిలో కిరసనాయిలు మంట మీద డ్రమ్ము తిప్పుతూ ఉండేవాడు, మధ్యాహ్నానికి ముక్కుపుటాలు నల్లగా అయ్యేవి. గీతలు పడ్డాక కాగితాన్ని వార్నిష్‌లో ముంచి ఆరేయాలి. ఆరకముందే వేలు పెట్టి చెడగొట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురుండేవారు.

ఏటా మొదటి క్లాసులో ఎవరో ఒకరు మీరడిగిన ప్రశ్నే అడిగేవారు. "సార్, కప్ప చచ్చిపోయింది కదా, మరి ఇదెందుకు కొట్టుకుంటోంది?" అప్పుడు గుండెను మొత్తం కోసి తీసి, రింగర్ ద్రావణం, అంటే నెత్తురులోని లవణాలు కలిపిన నీళ్లు, పోసిన గాజు పళ్లెంలో వేసేవాణ్ణి. ఏ నరమూ లేదు, నెత్తురూ లేదు, అయినా పళ్లెంలో కొట్టుకుంటూనే ఉంటుంది. బయటికి తీసిన గుండె కాసేపు కొట్టుకుంటుందని రెండో శతాబ్దంలోనే గేలెన్ రాశాడు. ఎందుకన్నది తేలడానికే చాలాకాలం పట్టింది.

గుండెలోనే తాళం వేసే చోటు ఒకటుంది. మనుషుల్లో దాన్ని ఎస్ఏ నోడ్ అంటాం. కుడి కర్ణిక (గుండె పై గది) పైభాగంలో, పై నుంచి పెద్ద సిర వచ్చి కలిసేచోట ఉంటుంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దీన్ని వర్ణించారు. ఫ్లాక్ అప్పటికి మీలాగే విద్యార్థి, మొదట దాన్ని గమనించింది ఓ చుంచు లాంటి మోల్ అనే జంతువు గుండెలో. అక్కడి కణాలకి కుదురుండదు. వాటిలోకి విద్యుదావేశం ఉన్న అయాన్లు నెమ్మదిగా చొరబడుతూ ఉంటాయి, ఓ హద్దు దాటగానే విద్యుత్ తరంగం లేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. కప్పలో ఈ పని చేసేది సైనస్ వెనోసస్ అనే సంచి. దానికీ కర్ణికకీ మధ్య దారం బిగించి కడితే సంచి కొట్టుకుంటూనే ఉంటుంది, మిగతా గుండె ఆగిపోతుంది. 1852లో స్టానియస్ చేసిన ఈ ముడిని మా పిల్లలు వైవాలో తప్పకుండా తప్పు చెప్పేవారు.

ఇప్పుడు అసలు విషయం. నరాల ఊసు లేకుండా వదిలేస్తే మనిషి గుండె ఎంత వేగంతో కొట్టుకుంటుంది? చాలామంది 72 అనుకుంటారు. కాదు. జోస్ అనే పరిశోధకుడు ఆరోగ్యవంతులకి రెండు మందులిచ్చి చూశాడు. వేగం పెంచే నరాల ప్రభావాన్ని ఆపేది ఒకటి, తగ్గించే నరం ప్రభావాన్ని ఆపేది ఇంకొకటి. రెండు వైపులా పగ్గాలు విప్పేశాక గుండె సొంత వేగం బయటపడింది. 1970లో ఆయన ఇచ్చిన లెక్క ఇది: 118.1లోంచి వయసుని 0.57తో గుణించి తీసేయాలి. మీకు 20 ఏళ్లనుకుంటే నిమిషానికి దాదాపు 107. నాకు 66, నాకు 80 వస్తుంది.

ఇప్పుడు మీ మణికట్టు పట్టుకుని చూసుకోండి, 70 దగ్గరో ఎక్కడో ఉంటుంది. 107కి, 70కి మధ్య తేడా ఎక్కడికి పోయింది? అదంతా వేగస్ నరం పట్టుకున్న బ్రేకు. మనం హాయిగా ఉన్నప్పుడు గుండెను నెమ్మదిగా ఉంచడానికి మెదడు అడుగుభాగం నుంచి వేగస్ ఎడతెగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. లేచి నడిస్తే మొదట జరిగేది యాక్సిలరేటర్ తొక్కడం కాదు, బ్రేకు వదలడం. అందుకే లేచి నిలబడ్డ ఒకటి రెండు క్షణాల్లోనే నాడి పెరుగుతుంది. వేగం పెంచే సింపథెటిక్ నరాలు అంత చురుకైనవి కావు, వాటి పని కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కానీ ఒకసారి అందుకుంటే ఓ పట్టాన వదలవు. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చాక కూడా గుండె దడ కాసేపు తగ్గకపోవడానికి అది ఒక కారణం, నెత్తురులో కలిసిన అడ్రినలిన్ ఇంకో కారణం.

నరం ఉన్నది పని చేయించడానికే తప్ప పని ఆపడానికి కాదని ఒకప్పుడు అనుకునేవారు. 1845లో వెబర్ సోదరులు వేగస్‌కి కరెంటు పెడితే గుండె ఆగిపోయింది. అది జీర్ణం కావడానికే చాలామందికి కొన్నేళ్లు పట్టింది. మా ల్యాబ్‌లో ఇది చూసినప్పుడు పిల్లలు కూడా నోరెళ్లబెట్టేవారు. డ్రమ్ము మీద గీతలు వరసగా పడుతూ పడుతూ, కరెంటు స్విచ్ నొక్కగానే సాఫీగా ఒక్క అడ్డగీత. కరెంటు అలాగే ఉంచితే ఇంకో తమాషా జరుగుతుంది. కొన్ని సెకన్లు గడిచాక జఠరిక (గుండె కింది గది) తనంతట తానే ఒక దెబ్బ, ఇంకో దెబ్బ కొట్టడం మొదలెడుతుంది. వేగల్ ఎస్కేప్ అంటాం. పగ్గం మరీ బిగిస్తే ఎద్దు తెంచుకున్నట్టే.

ఇక లోవీ దగ్గరికి వద్దాం. 1873లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన యూదుడు. కుర్రాడిగా ఉన్నప్పుడు మనసంతా కళల చరిత్ర మీద, ఇంట్లోవాళ్లు వైద్యం చదివించారు. మన ఇళ్లలో జరిగే కథే. 1909 నుంచి ఆస్ట్రియాలోని గ్రాజ్ యూనివర్సిటీలో ఫార్మకాలజీ ప్రొఫెసర్. నరం గుండెని ఎలా తాకుతుందన్నది ఆనాటి పెద్ద తగాదా. విద్యుత్తే నేరుగా దూకుతుందని ఎక్కువమంది, మధ్యలో రసాయనం ఉండొచ్చని కొద్దిమంది అనేవారు. రసాయనం సంగతి తనకి 1903లోనే ఓ సంభాషణలో తట్టిందని, ఎలా రుజువు చేయాలో తెలియక మరిచిపోయానని లోవీ తరవాత రాసుకున్నాడు.

ప్రయోగం ఇంత సులువా అనిపిస్తుంది. రెండు కప్ప గుండెలు. ఒకదానికి వేగస్ నరం ఉంచాడు, రెండోదానికి నరాలేవీ లేవు. రెండింటిలోనూ గాజు గొట్టాలు అమర్చి రింగర్ ద్రావణం నింపాడు. మొదటి గుండె వేగస్‌కి కొన్ని నిమిషాలు కరెంటు పెట్టాడు, అది నెమ్మదించింది. దాని లోపలి ద్రావణాన్ని తీసి రెండో గుండెలో పోశాడు. దానికి నరమే లేదు, అయినా తనకే వేగస్ ఉన్నట్టు నెమ్మదించింది, దెబ్బ బలం కూడా తగ్గింది. తరవాత మొదటి గుండెకి వేగం పెంచే నరాన్ని ప్రేరేపించి ఆ ద్రావణం పోస్తే రెండోది జోరందుకుంది.

రెండు గుండెల మధ్య తీగ లేదు, నరం లేదు. ఉన్నదల్లా నీళ్లు. మరి కబురు మోసుకెళ్లింది ఆ నీళ్లలో కరిగిన పదార్థమే అయ్యుండాలి. పేరేమిటో తెలియదు కాబట్టి వేగస్‌స్టాఫ్ అన్నాడు, జర్మన్‌లో వేగస్ పదార్థం అని అర్థం. 1921లో అచ్చయింది. సెమినార్‌లో ఒక జాగ్రత్త తీసుకోండి. పాఠ్యపుస్తకాల్లో రెండు గుండెలను గొట్టంతో కలిపిన బొమ్మ ఉంటుంది. అది తరవాతివాళ్ల అమరిక. లోవీ ద్రావణాన్ని ఇందులోంచి తీసి అందులో పోశాడంతే.

అచ్చయిన వెంటనే అందరూ చప్పట్లు కొట్టలేదు. వేరే ల్యాబ్‌ల్లో చాలామందికి ఈ ఫలితం రాలేదు. ఎందుకన్నది నాకు పుస్తకం కన్నా మా అటెండర్ బాగా చెప్పాడు. ఎండాకాలం ప్రాక్టికల్ పెడితే, "ఈ నెలల్లో కప్ప మాట వినదండీ, డిసెంబర్‌లో పెట్టుకోండి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఓ ఏప్రిల్‌లో మొండికేసి నాలుగు కప్పల మీద వేగస్‌కి కరెంటు పెట్టాను. రెండింటిలో గుండె ఆగాల్సింది పోయి జోరందుకుంది. వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. సంగతేమిటంటే కప్ప వేగస్ ఒట్టి వేగస్ కాదు. నెమ్మదింపజేసే పోగులు, వేగం పెంచే సింపథెటిక్ పోగులు ఒకే కట్టలో పోతాయి. ఏది పైచేయి అవుతుందన్నది కప్ప జాతిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. దీనికి తోడు ఆ రసాయనాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి గుండెలోనే ఉంది. వెచ్చగా ఉంటే అది చకచకా పని కానిచ్చేస్తుంది, ద్రావణం రెండో గుండెకి చేరేసరికి అందులో ఏమీ మిగలదు. లోవీ తన మొదటి ప్రయోగాలు చేసింది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, గ్రాజ్ చలిలో. అదృష్టం అక్కడ కూడా కొంత ఉంది. 1926లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఫిజియాలజీ మహాసభలో అందరి ఎదుటా ప్రయోగం చేసి చూపించమన్నారు. ఒకే గుండె మీద 18 సార్లు చేసి చూపించానని ఆయన రాసుకున్నాడు. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ఎదుట ఒక్కసారి గ్రాఫ్ తెప్పించడానికి చెమటలు పట్టినవాణ్ణి కాబట్టి ఆ 18 విలువ నాకు తెలుసు.

కల కథ నిజమేనా? ఆయన చెప్పింది ఇదీ. ఈస్టర్ ముందు రాత్రి మెలకువ వచ్చి, ఓ చిన్న కాగితం మీద ఏదో గిలికి, మళ్లీ నిద్రపోయాడు. పొద్దున లేచాక ముఖ్యమైనదేదో రాశానని గుర్తుంది, కానీ తన చేతిరాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి 3 గంటలకి ఆ ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా తిన్నగా ల్యాబ్‌కి వెళ్లి ప్రయోగం చేసేశాడు. కథ ఆయన నోటి నుంచి వచ్చిందే, ఎవరో కల్పించింది కాదు. కాకపోతే 40 ఏళ్ల తరవాత రాసుకున్న జ్ఞాపకం. అది 1920 ఈస్టర్ అని ఓ చోట, 1921 అని ఇంకో చోట కనిపిస్తుంది. 1921 అనుకుంటే తేదీలు అస్సలు కుదరవు, వ్యాసం పత్రికకి ఈస్టర్ కన్నా ముందే చేరింది. కాబట్టి సెమినార్‌లో "లోవీ చెప్పిన ప్రకారం" అని మొదలెట్టండి, ఎవరూ తప్పు పట్టరు.

నాకు కల కన్నా ఆయన తరవాత అన్న మాట ఎక్కువ నచ్చుతుంది. పగలు కూర్చుని ఆలోచించి ఉంటే ఆ ప్రయోగం చేసేవాణ్ణి కాదన్నాడు. ఎందుకంటే నరం వదిలే రసాయనం పక్కనున్న కండరానికి సరిపడా మాత్రమే ఉంటుందని, ద్రావణంలోకి ఒలికేంత మిగలదని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ వాదన సబబైనదే. కానీ గుండె దాన్ని పట్టించుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. రెండు గుండెల మధ్య ద్రావణం మార్చే పద్ధతి లాంటిదాన్ని ఆయన అంతకు రెండు మూడేళ్ల ముందే వేరే పనికి వాడి ఉన్నాడు. పనిముట్టు చేతిలో ఉంది, ప్రశ్న మనసులో 17 ఏళ్లుగా ఉంది. రెండూ కలిసింది ఆ రాత్రి.

వేగస్‌స్టాఫ్ అంటే అసిటైల్‌కోలిన్. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్‌ని ఎసెరిన్ అనే మందు ఆపేస్తుందని 1926లో లోవీ, నవ్రాటిల్ చూపించారు. శరీరంలో అసిటైల్‌కోలిన్ సహజంగా ఉంటుందని 1929లో లండన్‌లో హెన్రీ డేల్, డడ్లీ తేల్చారు. 1936లో లోవీ, డేల్ ఇద్దరికీ కలిపి నోబెల్. రెండేళ్లకి 1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించుకున్నారు, ఆ రాత్రే లోవీని, ఇద్దరు కొడుకులని జైల్లో వేశారు. చంపేస్తారేమో అన్న స్థితిలో ఓ పోస్టుకార్డు అడిగి, తన తాజా ప్రయోగ ఫలితాన్ని దాని మీద రాసి ఓ సైన్సు పత్రికకి పంపించాడు. స్టాక్‌హోమ్ బ్యాంకులో ఉన్న నోబెల్ డబ్బు నాజీల బ్యాంకుకి రాసిచ్చాకే దేశం దాటనిచ్చారు. 1961లో న్యూయార్క్‌లో పోయాడు. వేగం పెంచే పదార్థం కప్పలో అడ్రినలిన్, మనలాంటి క్షీరదాల్లో నరాల చివర వదిలేది నార్‌అడ్రినలిన్. ఈ రెండో సంగతి 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్ తేల్చాడు.

ఎవరికి ఉపయోగం అన్నారు. నేను హౌస్ సర్జన్‌గా చేసింది పత్తి బాగా పండే జిల్లాలో. పురుగుమందు కొట్టే రోజుల్లో రాత్రి డ్యూటీ అంటే మాకు గుండెల్లో రాయి పడేది. ఓ రాత్రి ఒక రైతుని మంచం మీదే మోసుకొచ్చారు. పొద్దుట్నుంచీ గాలికి ఎదురు నిలబడి మందు కొట్టాడట. చొక్కా పిండితే కారేంత చెమట, నోట్లోంచి చొంగ, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి, ఛాతీలో గురగుర. నాడి 48.

ఆ పురుగుమందు చేసేది సరిగ్గా లోవీ ఎసెరిన్‌తో చేసిందే. ఎంజైమ్‌ని ఆపేస్తుంది, అసిటైల్‌కోలిన్ ఎక్కడికక్కడ పోగుపడుతుంది, వేగస్ బ్రేకు నేలకి తొక్కి పట్టినట్టవుతుంది. విరుగుడు అట్రోపిన్. అసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన కుర్చీలో తాను కూర్చుంటుంది. లోవీ కూడా అట్రోపిన్ వేసిన గుండె మీద వేగస్‌స్టాఫ్ పనిచేయదని చూపించాడు. ఒక్కో ఆంప్యూల్లో 0.6 మిల్లీగ్రాములే. మెడ విరిచి సిరంజిలోకి లాగడం, ఎక్కించడం, నాడి చూడడం, ఛాతీకి స్టెత్ పెట్టి వినడం, మళ్లీ విరవడం. తెల్లారేసరికి మంచం కింద ట్రే నిండా గాజు ముక్కలు, నా బొటనవేలికి రెండు చోట్ల గాట్లు. నాడి 60 అయింది, 80 అయింది, 110 అయింది, ఛాతీ తేటపడింది. పొద్దున ఆయన గాలిలో ఏదో ఏరుకుంటూ లేని దారం సూదిలోకి ఎక్కిస్తున్నాడు. అట్రోపిన్ కాస్త ఎక్కువైందని దాని అర్థం, దాంతో మోతాదు తగ్గించాం. ఆయన నడిచి ఇంటికెళ్లాడు.

ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లలు దీనికి సరిగ్గా తలకిందులుగా వస్తారు. నోరు ఎండిపోయి, పాపలు విప్పారి, ఒళ్లు కాలిపోతూ, నాడి 150 దాటి. ఉమ్మెత్తలో ఉన్నది అట్రోపిన్ జాతి మందే. అందుకని ఒకదానికి ఇంకొకటి విరుగుడు అనుకుని ఇంట్లో ఎవరూ ప్రయోగాలు చేయకండి. రెండూ ఆసుపత్రి కేసులే, నిమిషాలు లెక్క.

మీ ఇంట్లో బీపీకో గుండెకో వాడే మెటోప్రొలాల్ లాంటి మాత్రలుంటే అవి రెండో పగ్గానికి సంబంధించినవి. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ కూర్చునే కుర్చీని అవి ఆక్రమిస్తాయి. అందుకే వాటిని వాడేవాళ్లు పరుగెత్తినా నాడి పెద్దగా పెరగదు. నాడి తక్కువగా ఉందని కంగారుపడి సొంతంగా మానేయకూడదు, ఉన్నట్టుండి మానేస్తే గుండె ఎదురు తిరుగుతుంది.

గుండె మార్పిడి సంగతి. 1967లో కేప్‌టౌన్‌లో బార్నార్డ్ మొదటిసారి మనిషికి గుండె మార్చాడు. మన దేశంలో మొదటి విజయవంతమైన మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ చేశారు. ఆయన పుట్టింది రాజమండ్రిలో. రక్తనాళాలను కుట్టగలరు గానీ, గుండెకి వచ్చే సన్నటి నరాలను ఎవరూ అతకలేరు. కాబట్టి కొత్త గుండె ఏ పగ్గమూ లేకుండా బతుకు మొదలెడుతుంది. నాకు తెలిసిన ఒకాయన మార్పిడి చేయించుకున్నారు. కుర్చీలో ఊరికే కూర్చున్నప్పుడు ఆయన నాడి 96. ఓసారి రెండంతస్తులు ఎక్కించి చూశాను, పైకి చేరేసరికి 101. సోఫాలో కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే అప్పుడు 118కి పోయింది. నరం కబురు లేదు, నెత్తురులో తేలుతూ వచ్చే అడ్రినలిన్ కోసం గుండె ఎదురుచూడాలి. అందుకే వాళ్లకి వ్యాయామానికి ముందు వార్మప్, తరవాత నిదానంగా చల్లబడడం రెండూ తప్పనిసరి అని చెబుతారు. అట్రోపిన్ ఇచ్చినా ఆ గుండె వేగం పెరగదు, విప్పడానికి అసలు బ్రేకే లేదు కదా. కొందరిలో కొన్నేళ్లకి నరాలు కొంతవరకు మళ్లీ మొలుస్తాయి. నొప్పి కబురు మోసే నరాలు కూడా తెగే ఉంటాయి కాబట్టి గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు.

ఈ చివరి మాటతో ఇంకో సంగతి చెప్పాలి. వేగస్ అంటే పైనుంచి ఆజ్ఞలు మోసే నరమని పిల్లలందరూ అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ పోగులు కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. ఈ కబుర్లను ఒక్కొక్క పోగూ విడదీసి విన్నవాళ్లలో మన దేశస్థుడు ఒకాయన ఉన్నారు, అవతార్ సింగ్ పెయింటల్. 1925లో బర్మాలోని మొగోక్‌లో పుట్టి, లక్నోలో వైద్యం చదివి, ఎడిన్‌బరోలో పరిశోధన చేసి, ఢిల్లీలోని పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరయ్యారు. నెత్తురుతో కర్ణిక ఎంత నిండిందో మెదడుకి చెప్పే గ్రాహకాలను ఆయన వివరించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు ఆయాసం పుట్టించే జె గ్రాహకాలు కూడా ఆయన కనిపెట్టినవే. 1981లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. లోవీ పేరు తెలిసిన మన విద్యార్థులకి పెయింటల్ పేరు తెలియదు. సెమినార్‌లో ఆయనకి ఒక స్లైడు ఇవ్వండి.

వేగస్ గట్టిగా లాగితే ఏమవుతుందో మా హెమటాలజీ క్లాసులో ఏటా చూసేవాళ్లం. వేలికి సూది గుచ్చి నెత్తురు తీసే రోజు, కండలు తిరిగిన కుర్రాడొకడు పక్కవాడి వేలి చుక్క చూసి తెల్లబోయి దభీమని పడతాడు. నాడి పడితే 44. నెత్తురు చూసిన మెదడు వేగస్‌ని ఒక్కసారిగా లాగింది, రక్తనాళాలు వదులయ్యాయి, తలకి నెత్తురు చాలలేదు. చుట్టూ ఉన్నవాళ్లు లేపి కుర్చీలో కూర్చోబెట్టబోతారు, సోడా తెమ్మంటారు. అది చేయకండి. పడుకోబెట్టే ఉంచి కాళ్లు కాస్త ఎత్తండి, నిమిషంలో తేరుకుంటాడు. వ్యాయామం మధ్యలో పడిపోయినా, ఇంట్లో చిన్నవయసు హఠాన్మరణాలున్నా మాత్రం ఇది మామూలు స్పృహ తప్పడం అనుకోకూడదు, గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

షుగర్ ఉన్నవాళ్ల గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే గుండె నరాలు కూడా పాడవుతాయి, సాధారణంగా మొదట దెబ్బతినేది వేగస్. అప్పుడు ఊరికే కూర్చున్నా నాడి 95, 100 దగ్గర కదలకుండా నిలబడుతుంది. అలాంటివాళ్లకి గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు.

ఈ మధ్య వేగస్‌ని మీటండి, టెన్షన్ పోగొట్టుకోండి అంటూ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. నెమ్మదిగా ఊపిరి వదిలితే నాడి తగ్గడం నిజం, ప్రాణాయామం చేసేవాళ్లకి అది అనుభవమే. దాంతో గుండెలో బ్లాకులు కరిగిపోతాయంటే మాత్రం నమ్మకండి. మెడ పక్కన ఒత్తే చిట్కా అయితే ఇంట్లో ఎవరూ చేయొద్దు. అక్కడ మెదడుకి నెత్తురు మోసే నాళంలో కెరోటిడ్ సైనస్ అనే భాగం ఉంటుంది, పెద్దవాళ్లలో ఆ నాళంలో కొవ్వు పేరుకుని ఉంటే ఒత్తినప్పుడు ముక్క ఊడి మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు.

సెమినార్‌లో కప్ప లేదు కాబట్టి నాడితోనే పని కానివ్వండి. ముందు వరసలో ఓ నలుగురిని లేపి, ఎవరి మణికట్టు వాళ్లని పట్టుకోమనండి. 5 సెకన్లు ఊపిరి పీల్చడం, 5 సెకన్లు వదలడం, అలా ఆరు సార్లు. పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గర దగ్గరగా, వదిలేటప్పుడు ఎడంగా పడతాయి. 20 ఏళ్లవాళ్లకి ఈ తేడా వేలికే తెలిసిపోతుంది. తరవాత మీ లెక్చరర్‌ గారిని కూడా పట్టుకుని చూడమనండి, ఆయనకి అంత తేడా దొరకదు. వయసుతో పాటు వేగస్ పట్టు సడలుతుంది. ఆయన నొచ్చుకుంటారనిపిస్తే ఈ భాగం వదిలేయండి, ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి.